బెట్టలో ఏ మేత నిలబడుతుంది? మా చేలో పెట్టిన పరీక్ష

వీడియోలో కనిపిస్తున్న 15 మడులు మా అనంతపురం ఎర్రనేలలోవి. బహుకోత జొన్న, మేత సజ్జ, అంజన్ గడ్డి, స్టైలో, దశరథ గడ్డి, ఒక్కోటి మూడు మడులు. యూరియా లేదు, బోరు నీళ్లు లేవు. ఘనజీవామృతం వేసి వాన మీదే వదిలేశాం. పశుగ్రాస పరిశోధకులతో కలిసి చేస్తున్న ఈ పరీక్షకి ఇది రెండో ఏడు.

ఎందుకు ఒప్పుకున్నానో చెప్తా. ఇంతకుముందు ఒక ఏడు జొన్న మొలిచాక నెల రోజులు చుక్క పడలేదు. ఇంట్లో మేత అయిపోయి, మోకాలెత్తు జొన్న కోసి వేశాను. గంట తిరక్కముందే చూలు పెయ్య నాము తగిలి చచ్చిపోయింది. లేత జొన్నలో, బెట్టకొచ్చిన జొన్నలో సయనైడ్ విషం ఉంటుందని నేను డిప్లొమాలో చదివినవాడినే. ఆకలికి అరుస్తున్న పశువు ముందు అది గుర్తు రాలేదు.

"ఒక్కో రకం ఒకే చోట వేస్తే పోదా?" అని మా నాయన అడిగాడు. మా చేను కిందివైపు తేమ నిలుస్తుంది, పైవైపు గరుసు. ఒకే చోట వేస్తే గెలిచింది గడ్డా, నేలా తెలియదు. అందుకే చీటీలు వేసి మడులు పంచాం.

పోయినేడు దశరథ గడ్డి సరిగా మొలవలేదు. విత్తనం పెంకు గట్టిది. కాగిన నీళ్లు దించి, అందులో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చల్లనీళ్లలో నానబెట్టి మళ్లీ వేస్తే మొలిచింది. నా తప్పు కూడా పుస్తకంలో రాశాను.

ఈ ఏడు ఆగస్టులో మళ్లీ వాన మొహం చాటేసింది. జొన్న ఆకులు చుట్టుకుపోయాయి. "ఊరోళ్లు నవ్వుతారు, ఒక తడి పెట్టరా" అన్నాడు నాయన. ఒక రాత్రి పైపు చేతిలోకి తీసుకున్నా కూడా. కానీ ఆ ఒక్క తడితో లెక్క అబద్ధమైపోతుంది. దాన్ని నమ్మి ఇంకో రైతు విత్తనం కొంటాడు. పైపు అక్కడే పడేసి వచ్చాను.

తర్వాత వానలు పడ్డాయి, జొన్న తేరుకుంది. చదరపు మీటరు ఫ్రేము పెట్టి కోసి తూస్తే పచ్చిమేత బరువులో జొన్నే ఫస్టు. అప్పుడు నేను అన్నాను: "మేడం, బరువు సరే. మేత లేని ఆ నెలలో దీన్ని వేయలేను కదా. ఆ రోజు నా ఆవుకి ఏముంది?" ఆమె కాసేపు ఆలోచించి, పట్టికలో ఒక గడి చేర్చారు: బెట్టలో కోసి వేయొచ్చా? ఆ గడిలో జొన్నకి 'వద్దు' పడింది. పోయినేడు వేళ్లూనుకున్న అంజన్, దశరథ పలచగానే ఉన్నా 'వేయొచ్చు' వచ్చింది.

అలాగని జొన్న పీకేయొద్దు. సగం పూతకొచ్చాక కోస్తే మంచి మేతే. దశరథ పప్పుజాతిది, ఒక్కటే వేయకుండా మిగతా మేతలో మూడో వంతు కలపండి. ఒక చేనులో రెండేళ్ల లెక్కతో తీర్పు చెప్పలేం, ఇంకా రాయాలి.

మీరూ ఒక మూల చిన్న మడులు వేసి చూడండి. ఒక్కో రకం మూడు చోట్ల వేయండి. దొంగ తడి పెట్టొద్దు. ఎండిపోయిన మడిని కూడా రాయండి. మా ఎండిన మడి చూపించిందే నాకు ఎక్కువ పనికొచ్చింది. వేసవిలో ఇవే మడుల దగ్గర నుంచి మళ్లీ వీడియో పెడతాను.