పక్షవాత రోగికి పలుకుతోడు



పదియేండ్ల క్రిందట మా యన్నగారికి పక్షవాతము వచ్చినది. మేమందఱమును శ్రద్ధతో నుపచారములు చేసితిమి. అన్నము కలిపి నోటికందించితిమి. ఉత్తరీయము మేమే కప్పితిమి. ఆయన కుడిచేయి మొదట కొంచెము కదలుచునే యుండెడిది. దానితో పని చేయవలసిన యవసరమును మేము కలుగనీయలేదు. ఏడాది తిరుగునప్పటికి అది యొడిలోనే యుండిపోయినది. ఆ తప్పులో మాకును పాలు కలదని నేను చాల కాలమునకు గాని గ్రహింపలేదు.

మెదడునకు రక్తమును గొనిపోవు నాళము మూసికొనిపోయినను, పగిలినను, అచ్చటి భాగము చెడి, దాని యాజ్ఞలో నున్న యవయవములు చచ్చుబడును. అయినను పదేపదే అభ్యాసము చేసినచో, మెదడులోని తక్కిన భాగములు ఆ పనిని కొంతవఱకు నేర్చుకొనగలవు. అభ్యాసము లేనిచో కదలగల చేయి కూడ వాడుక తప్పును. వైద్యుడు నేర్పి వెడలిన పిమ్మట, విసిగిన రోగికి పూనిక సడలకుండ చూచువారెవరు?

ఇందులకై అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మాయా మాటరిచ్ అను విదుషియు, ఆమె సహచరులును ఒక మరమనిషిని ప్రయోగించి, 2007లో ఆ వివరములు ప్రకటించిరి. చక్రములపై తిరుగు ఆ యంత్రము రోగిని తాకదు. రోగి చేతికి కట్టిన చిన్న యుపకరణము ఆ చేతి కదలికను దానికి తెలుపును. పత్రికలను అరలో సర్దుట వంటి పనిని రోగి చేయుచుండగా, చేయి కదలినచో మెచ్చుకొనును. ఆగినచో జ్ఞప్తి చేయును.

అందఱకును ఒకే తీరు మాట పనికిరాదు. 2008లో వెలువడిన వారి మఱియొక పరిశోధనలో, కలుపుగోలువారు గట్టిగా పురికొల్పు మాటలను, ముభావులు మృదువైన యనునయమును మెచ్చిరి. బడి చెప్పిన నాకిది క్రొత్త కాదు: ఒకడు గద్దించినగాని చదువడు, ఒకడు బుజ్జగించినగాని చదువడు.

ఈ పరీక్షలు కొలదిమందితో జరిగినవి. ఈ యంత్రము వైద్యునకు బదులు కాదు. కాని దాని ధర్మమొకటి మనము నేర్వదగినది: అది రోగి పనిని తాను చేయదు, రోగిని విడిచియు పోదు.

మీ యింట నట్టి రోగి యున్నచో, వైద్యుడు చెప్పిన యభ్యాసము జరుగు వేళ ప్రక్కన గూర్చుండుడు. లెక్కపెట్టుడు, మెచ్చుకొనుడు. వణకుచున్న చేతిలోని చెంబును తొందరపడి యందుకొనకుడు. నాలుగు చుక్కలు చిందిన చిందనిండు.