రాచపుండు, అదుపు : స్తన క్యాన్సరునందు చిఱు ఆర్.ఎన్.ఏ.లు

తెలుగున క్యాన్సరు వ్యాధికి పూర్వమునుండి వ్యవహారమున నున్న పేర్లలో రాచపుండు, రాచకురుపు అనునవి ప్రసిద్ధములు. రాచబాటయందువలెనే ఇచటను ‘రాచ’ శబ్దము పెద్దదనమును సూచించునని తోచుచున్నది. సంస్కృత వైద్యగ్రంథములందలి ‘అర్బుదము’ గడ్డను చెప్పును. ‘క్యాన్సరు’ అను లాటిను పదము ఎండ్రకాయను చెప్పును. తెలుగు పేరు మాత్రము పుండును చెప్పును.

ఈ భేదము నిఘంటుకారులకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. స్తన క్యాన్సరు తొలిదశలో తఱచుగా నొప్పిలేని గడ్డగా నుండును. చర్మము పగిలి పుండగుట వ్యాధి ముదిరిన పిదపటి మాట. పుండు కొఱకు చూచు స్త్రీ గడ్డను ఉపేక్షించుటకు అవకాశము గలదు. 2022వ సంవత్సరమున భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కనబడెననియు, సుమారు 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది.

స్వరాష్ట్రమునకు వెలుపలనున్న తెలుగువారి విషయమున ఈ చిక్కు ఇంకను అధికము. 1907లో స్థాపింపబడిన టాటా ఇనుము, ఉక్కు కర్మాగారమునందును, రైల్వేయందును పనులకై ఉత్తరాంధ్రమునుండి వలసవచ్చిన కుటుంబములు జంషెడ్‌పూరున స్థిరపడినవి. టాటానగర్ స్టేషను చేరువనున్న బాగ్‌బేరా వంటి పేటలలో తల్లి కూతునకు గడ్డను గూర్చి చెప్పు మాట తెలుగు. ఆసుపత్రిలో చెప్పవలసిన మాట హిందీ. వైద్యుడు చీటిపై వ్రాయు మాట ఆంగ్లము. ఆ నగరమున 1975లోనే మెహెర్‌బాయి టాటా పేర క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. చికిత్స చేరువనున్నను, వ్యాధి స్వరూపమును ఇంటి భాషలో ఎఱుగనిచో అచటికి పోవుట ఆలస్యమగును. కావున ఇటీవలి శాస్త్రము ఆ స్వరూపమును గూర్చి ఏమి చెప్పుచున్నదో, దానిని తెలుగున ఏ మాటలతో చెప్పవలెనో పరిశీలింతము.

ప్రతి జీవకణమునందును జన్యుసమాచారము డి.ఎన్.ఏ. రూపమున గలదు. అందు కావలసిన భాగమునకు ఆర్.ఎన్.ఏ. రూపమున ప్రతి తీయబడును. ఆ ప్రతిని బట్టి ప్రోటీను తయారగును. ఈ ప్రతిని తెలుగున రాయబారి ఆర్.ఎన్.ఏ. యనుట గలదు. 1993లో అమెరికా శాస్త్రజ్ఞులైన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనువారు ఏలికపాముల వర్గమునకు చెందిన, మిల్లీమీటరు పొడవుగల పురుగునందు ఒక వింత కనుగొనిరి. ప్రోటీను నేదియు నిర్మింపని ఒక చిఱు ఆర్.ఎన్.ఏ. వేఱొక జన్యువుయొక్క రాయబారిని అడ్డగించుచుండెను. 2000లో ‘లెట్-7’ అను మఱొక చిఱు ఆర్.ఎన్.ఏ. మనుష్యునందును గలదని తేలుటతో ఇది సర్వసామాన్యమైన యేర్పాటని తెలియవచ్చినది. ఆ ఇరువురికిని 2024లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ చిఱు ఆర్.ఎన్.ఏ. పొడవు సుమారు 22 న్యూక్లియోటైడులు. డ్రోషా, డైసర్ అను ఎంజైములు పొడవైన, మడతపడిన ఆర్.ఎన్.ఏ.ను కత్తిరింపగా ఇది వెలువడును. పిమ్మట ఆర్గొనాట్ అను ప్రోటీనును చేరి, తన వరుసతో జతకుదురు వరుసగల రాయబారిని పట్టును. అప్పుడు ఆ ప్రోటీను తయారీ తగ్గును. లేదా రాయబారియే త్వరగా నశించును. సందేశమునందు తప్పేమియు ఉండదు. అది ఎంత మేరకు చెల్లవలెనో నిర్ణయించుటయే దీని పని.

2005లో కార్లో క్రోచె బృందము స్తన క్యాన్సరు గడ్డలను ఆరోగ్యవంతమైన స్తనకణజాలముతో పోల్చి, పెక్కు చిఱు ఆర్.ఎన్.ఏ.ల పరిమాణము మారియుండుట చూపెను. ఈ మార్పులు రెండు విధములు. మొదటిది, ఉండవలసినదానికంటె అధికమగుట. ‘మిర్-21’ అధికమైనపుడు, కణవిభజనకు కళ్లెమువంటి ‘పీటెన్’ మొదలగు ప్రోటీనులు తగ్గును. రెండవది, క్షీణించుట. ‘మిర్-200’ కుటుంబము క్షీణించినపుడు కణములు తమలో తాము అంటియుండు గుణమును విడిచి, చలించు స్వభావమును పొందును. వ్యాధి ఇతరావయవములకు వ్యాపించుటకు ఇది తోడ్పడును. అనగా ఒకచోట కళ్లెము నణచునది పెరుగుచున్నది. వేఱొకచోట కళ్లెమే తెగుచున్నది.

చికిత్సాచరిత్రమున తెలుగువాని పేరొకటి ఇచట స్మరింపదగినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన మెథోట్రెక్సేటు అను ఔషధమునకు దారితీసినది. అనంతరకాలమున స్తన క్యాన్సరు చికిత్సయందును అది చేరినది. విభజనకు కావలసిన సామగ్రిని అందకుండ చేయుట దాని పద్ధతి. చిఱు ఆర్.ఎన్.ఏ. పరిశోధకుల లక్ష్యము వేఱు: తప్పిన అదుపును మరల నెలకొల్పుట. ఆ మార్గము సుగమము కాదు. ‘మిర్-34’ను అనుకరించు ఔషధముపై జరిగిన పరీక్ష, రోగులలో తీవ్రమైన దుష్ఫలితములు కలుగుటచే, 2016లో నిలిపివేయబడెను. నేటికిని గడ్డను నిర్ధారించునది వైద్యపరీక్ష, మామోగ్రామ్, గడ్డనుండి తీసిన ముక్క పరీక్ష మొదలగునవే.

ఇక పదముల మాట. ‘సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.’ యన్నచో సూక్ష్మజీవి తలపునకు వచ్చును. 2020నాటి కరోనా వ్యాప్తి తరువాత ఆర్.ఎన్.ఏ. యనగానే వైరసు తోచువారును గలరు. రెండును కలిసినచో స్తన క్యాన్సరు అంటువ్యాధియను అపోహ కలుగును. ‘చిఱు’ శబ్దమునకు ఈ దోషము లేదు. ‘నియంత్రణము’ కంటె ‘అదుపు’ అందఱెఱిగిన మాట. పిల్లలు, పశువులు, నిప్పు అదుపు తప్పుట ప్రతి యింటికిని తెలిసినదే. ఇది తల్లి పాపమనియు, వంశదోషమనియు చెప్పుకొను నిందకును ఈ మాట సమాధానము కాగలదు. ఏలయన, పుట్టుకతో సంక్రమించిన జన్యుదోషము వలన కలుగు స్తన క్యాన్సరులు నూటికి 5 నుండి 10 మాత్రమే.

రాచపుండు అను పేరును నిఘంటువునుండి తొలగింప పనిలేదు. అది మన భాషాచరిత్రమునకు సాక్ష్యము. కాని వ్యాధిని బోధించు తెలుగు పాఠములందు ‘పుండు’ స్థానమున ‘అదుపు తప్పిన గడ్డ’ యని వ్రాయుట మేలు. నొప్పిలేని గడ్డయు పరీక్షింపదగినదే యని ఆ మాటతో సులభముగా తెలుపవచ్చును.