వీలునామా: వ్రాయడం, నిరూపించడం, అమలుపరచడం

తన మరణానంతరం తన ఆస్తి ఎవరికి చెందాలో తెలియజేస్తూ ఒక వ్యక్తి వ్రాసి ఉంచే పత్రమే వీలునామా. దీనినే మరణశాసనమని కూడా అంటారు. వ్రాసినవారు జీవించి ఉన్నంతకాలం దీనివలన ఎవరికీ హక్కు కలుగదు. దీనిని ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. మరణంతో ఇది అమలులోకి వస్తుంది. అయితే ఆనాటికి వ్రాసినవారు ఉండరు గనుక వారి మాటను ఇతరులు నిరూపించవలసి ఉంటుంది. వీలునామా వివాదాలలో అధికభాగం ఇక్కడే పుడతాయి.

బళ్ళారి తెలుగు కుటుంబాలకు మరొక చిక్కు కూడా ఉంది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరగా, అదే జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళాయి. ఇల్లు ఇక్కడ, పొలం అక్కడ ఉన్న కుటుంబాలు రెండు రాష్ట్రాల కార్యాలయాలతో వ్యవహరించవలసి వస్తుంది.

చెల్లుబాటుకు కావలసినవి

భారతీయ వారసత్వ చట్టం, 1925 ప్రకారం మైనరు కానివారు, స్థిరబుద్ధి గలవారు ఎవరైనా వీలునామా వ్రాయవచ్చు. స్టాంపు కాగితం అవసరం లేదు. వ్రాసేవారు సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకాన్ని కళ్ళారా చూసి గాని, అది తమదేనని ఆ వ్యక్తి చెప్పగా విని గాని, ఆ వ్యక్తి సమక్షంలో తామూ సంతకం చేయాలి. సాక్షులు ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండవలసిన అవసరం లేదు. పత్రంలోని విషయం వారికి తెలియవలసిన అవసరమూ లేదు. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మేలు. వయసులో చిన్నవారిని, స్థానికులను ఎంచుకుంటే, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వారు అందుబాటులో ఉంటారు.

రిజిస్ట్రేషను ఐచ్ఛికమే. చేయించకపోయినా వీలునామా చెల్లుతుంది. చేయించినంత మాత్రాన నిరూపణ అవసరం తప్పదు. కనీసం ఒక సాక్షి జీవించి, అందుబాటులో ఉన్నట్లయితే ఆయనను కోర్టులో విచారించవలసిందే. రహస్యంగా ఉంచదలచినవారు వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచవచ్చు.

మైసూరు రాష్ట్రం నుండి వచ్చిన ఒక వీలునామా వ్యాజ్యంలో 1958లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యసూత్రాన్ని స్థిరపరిచింది. ఆస్తిలో పెద్దభాగం పొందే వ్యక్తే వీలునామా వ్రాయించడంలో ముందుండి నడిపించినట్లయితే అది అనుమానానికి తావిస్తుంది. ఆ అనుమానాన్ని తొలగించవలసిన భారం వీలునామాను సమర్పించిన వారిదే. కుమార్తెకు గాని, భార్యకు గాని ఏమీ ఇవ్వని పక్షంలో అందుకు కారణాన్ని వీలునామాలోనే ఒక వాక్యంలో తెలపడం తరువాతి తగవులను తగ్గిస్తుంది.

తెలుగులో వ్రాయవచ్చునా?

నిస్సందేహంగా వ్రాయవచ్చు. వ్రాసేవారికి బాగా అర్థమయ్యే భాషే ఉత్తమమైన భాష. రిజిస్ట్రేషను సమయంలో మాత్రం ఆ భాష జిల్లాలో సాధారణంగా వాడుకలో లేనిదై, అధికారికి కూడా తెలియనిదైతే, జిల్లా వాడుక భాషలోకి చేసిన యథార్థ అనువాదాన్ని, పత్రం నకలును జతచేయాలి. కోర్టు వ్యవహారాలలో వాడని భాషలో వీలునామా ఉంటే ప్రొబేటు దరఖాస్తుకు అనువాదం జతచేయాలి.

ఎంత ఆస్తిపై అధికారం ఉంటుంది?

స్వార్జితమంతా వీలునామాలో వ్రాయవచ్చు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తన వాటాను మాత్రమే వ్రాయగలరు. 2005 నాటి సవరణతో కుమార్తెలకు కూడా కుమారులతో సమానంగా పుట్టుకతోనే ఆ ఆస్తిలో హక్కు ఉన్నది గనుక, వాటా లెక్క సరిచూసుకోవాలి. ముస్లిములు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడవ వంతుకు మించి వ్రాస్తే, దానికి వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులు వీలునామా వ్రాసిన తరువాత వివాహం చేసుకుంటే అది రద్దవుతుంది.

ప్రొబేటు అంటే ఏమిటి?

వీలునామా నిజమైనదని నిర్ధారించి, దాని నకలుపై న్యాయస్థానం ముద్రవేసి ఇచ్చేదే ప్రొబేటు. వీలునామాలో నియమితుడైన నిర్వాహకునికి మాత్రమే ఇది లభిస్తుంది. నిర్వాహకుని పేరు లేకపోయినా, ఆయన మరణించినా వీలునామా జతపరచిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ కోరవచ్చు. మరణించిన ఏడు రోజులకు ముందు ప్రొబేటు ఇవ్వరాదు. ఎవరైనా ఆక్షేపిస్తే విచారణ దావా పద్ధతిలో సాగుతుంది. ఇక్కడ తేలేది వీలునామా యథార్థమా కాదా అన్నదే గాని, ఆ ఆస్తి నిజంగా మృతునిదేనా అన్నది కాదు.

బళ్ళారిలోని ఆస్తులకు సంబంధించి హిందువుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు. అయినా వివాదం ఉన్నచోట అది గట్టి ఆధారం. చెన్నై, ముంబయి నగరాలలోని ఆస్తులకు నిబంధన వేరుగా ఉంటూ వచ్చింది గనుక అక్కడ ఆస్తి ఉన్నవారు న్యాయవాదిని సంప్రదించాలి.

జిల్లా న్యాయమూర్తి ఇచ్చిన ప్రొబేటు సాధారణంగా ఆ రాష్ట్రానికే పరిమితం. ఇతర రాష్ట్రాలలోని ఆస్తి విలువ పదివేల రూపాయలకు మించనిదైతేనే అది అక్కడ కూడా చెల్లుతుంది. ఆదోనిలోనో, రాయదుర్గంలోనో భూమి ఉన్నవారు హైకోర్టు నుండి ప్రొబేటు పొందడం ఉచితమవుతుంది.

నిర్వాహకుని బాధ్యతలు

మొదట అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బు వైద్య ఖర్చు; తరువాత ప్రొబేటు ఖర్చులు; ఆపై మరణానికి ముందు మూడు నెలలలో పనిచేసిన కూలీల, ఇంటి పనివారి జీతాలు; తదుపరి ఇతర అప్పులు. ఇవన్నీ తీరిన తరువాతనే వీలునామాలో వ్రాసిన వాటాలు పంచాలి. ప్రొబేటు పొందిన నిర్వాహకుడు ఆరు నెలలలో ఆస్తుల జాబితాను, ఏడాదిలో లెక్కలను న్యాయస్థానానికి సమర్పించాలి. మరణించిన నాటినుండి ఏడాది గడిచేవరకు వాటాలు చెల్లించమని ఆయనను బలవంతపెట్టరాదు.

ఖాతా, నామినీ: పొరపడరాదు

పురపాలక ఖాతా పన్ను వసూలుకు ఉద్దేశించినది. దానిలో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం రాదు. పొలానికి పౌతి ఖాతా విషయమూ ఇంతే. బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు నామినీగా ఉన్నవారు సొమ్మును అందుకునేవారే గాని, కేవలం ఆ కారణంగా యజమానులు కారు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఇదే తీర్పు చెప్పింది. నామినీ ఒకరై, వీలునామాలో మరొకరి పేరు ఉంటే కుటుంబంలో చీలిక తప్పదు. ఈ రెండింటినీ జీవించి ఉండగానే సరిచూసుకోవాలి.

వీలునామా లేనప్పుడు

హిందూ పురుషుడు వీలునామా లేకుండా మరణిస్తే భార్య, తల్లి, ఒక్కొక్క కుమారుడు, ఒక్కొక్క కుమార్తె సమానంగా వాటా పొందుతారు. ముందే మరణించిన కుమారుని వాటా ఆయన భార్యకు, పిల్లలకు, ముందే మరణించిన కుమార్తె వాటా ఆమె పిల్లలకు చెందుతుంది. బ్యాంకు సొమ్ము, బాకీలు, షేర్లు వసూలు చేసుకోవడానికి న్యాయస్థానం ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం ఉపయోగపడుతుంది. ఇంటికి, పొలానికి అది వర్తించదు.

మరణించిన వెంటనే కుటుంబీకులు మరణ ధ్రువపత్రం తీసుకుని, అసలు వీలునామాను జాగ్రత్తపరచి, సాక్షుల చిరునామాలు వ్రాసి ఉంచుకోవాలి. అసలు పత్రాన్ని ఎవరికీ అప్పగించక, అడిగినచోట నకలు మాత్రమే ఇవ్వాలి.