గ్రాంటు కోరే చిన్న సంస్థ ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మలక్‌పేట గంజ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్ కూడలి వరకు విస్తరించిన తూర్పు హైదరాబాద్‌లో సేవ చేయాలన్న తలంపుకు కొదవ లేదు. మూసీ ఒడ్డు బస్తీల పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడం, పోటీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న నిరుపేద విద్యార్థులకు పుస్తకాలు సమకూర్చడం, ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవారికి భోజనం పెట్టడం వంటి పనులు చిన్న చిన్న బృందాల చేతుల మీదుగా సాగుతుంటాయి. 2020 అక్టోబరు వరదలు సరూర్‌నగర్, ఎల్బీ నగర్ పరిసరాల కాలనీలను ముంచెత్తినప్పుడు ఆహార పొట్లాలు, దుప్పట్లు పంచడానికి జనం ముందుకు వచ్చినట్టే, ఆపద కంటికి కనిపించినప్పుడు చందాలు వాటంతటవే పోగవుతాయి. అయితే నీరు తీశాక కూడా ఏడాది పొడవునా సాగవలసిన పనికి చందా చాలదు, దానికి గ్రాంటు కావాలి. గ్రాంటు అంటే ఒక నిర్ణీతమైన పనికి, నిర్ణీతమైన గడువులో ఖర్చు చేసి లెక్క అప్పజెప్పాలన్న షరతుతో ఇచ్చే, తిరిగి చెల్లించనక్కరలేని సొమ్ము. ఈ షరతును నెరవేర్చగల స్థితిలో సంస్థ ఉందా అన్నదే గ్రాంటు ఇచ్చేవారి మొదటి ప్రశ్న కనుక, ప్రతిపాదన రాయడం కంటే చాలా ముందే ఆ సంస్థ జమాఖర్చుల పుస్తకంలో, తీర్మానాల రిజిస్టరులో గ్రాంటు సగం ఖాయమవుతుంది.

ఉమ్మడి నిధి అనే ఆలోచన

ఒకే దాత పేరిట కాక, ఒక ఊరికి చెందిన అనేకమంది దాతల సొమ్మును ఒక్కచోట చేర్చి, ఆ ఊరి అవసరాలకు గ్రాంట్ల రూపంలో పంచే సంస్థను కమ్యూనిటీ ఫౌండేషన్ అంటారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో 1914లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు చొరవతో ఇటువంటి తొలి సంస్థ ఏర్పడింది. ధనవంతులు వీలునామాల్లో రాసిన దానాలు కాలం మారి ఆ అవసరమే లేకుండా పోయినా అదే పద్దుకు కట్టుబడి నిరుపయోగంగా ఉండిపోవడం ఆయన గమనించిన లోపం. దానికి విరుగుడుగా ఆయన మూలనిధిని చెక్కుచెదరనివ్వకుండా ఉంచి, దానిపై వచ్చే రాబడిని ఏ అవసరానికి వెచ్చించాలో ఎప్పటికప్పుడు స్థానిక పౌరుల కమిటీ నిర్ణయించే ఏర్పాటు చేశారు. భారతదేశంలో ఈ నమూనాకు తొలి రూపంగా బొంబాయి కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టు 1991లో వెలిసింది. తెలుగు సాంకేతిక నిపుణులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో రెండు పాత సంస్థల కలయికతో 2007లో ఏర్పడిన సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్, దాత తన పేరిట ఒక ఖాతా తెరిచి అందులోని సొమ్ము ఏ సేవాసంస్థకు వెళ్లాలో సూచించే పద్ధతిని విస్తృతంగా నడుపుతోంది.

పరిశీలించి పంచే ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి కేటాయించిన 4 కోట్ల రూపాయలను దేశమంతటా ఉన్న సంస్థలకు గ్రాంట్లుగా అందించే బాధ్యత ఆ బోర్డుపై పడింది. సంస్థ నడిపిన అనుభవమున్న మనిషే సంస్థలకు నిధులిచ్చే స్థానంలో కూర్చోవడం ఆ ప్రయత్నంలోని విశేషం.

హైదరాబాద్ సంస్థ ఎవరిని అడగవచ్చు

తూర్పు హైదరాబాద్ సంస్థ కోరదగిన నిధులు ప్రధానంగా మూడు వైపుల నుంచి వస్తాయి. మొదటిది కంపెనీల సామాజిక బాధ్యత నిధి, అంటే వాడుకలో సీఎస్ఆర్. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది కనుక, హైదరాబాద్‌లో కార్యాలయాలున్న కంపెనీల దృష్టికి మలక్‌పేట అవసరం తీసుకువెళ్లడానికి చట్టపరమైన ఆధారమే ఉంది. రెండవది గ్రాంట్లు ఇవ్వడమే పనిగా పెట్టుకున్న సంస్థలు. టాటా ట్రస్టులు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వంటివి దేశవ్యాప్తంగా గ్రాంట్లు ఇస్తుండగా, ఉద్యోగుల, కంపెనీల విరాళాలను కూడగట్టి పంచే యునైటెడ్ వేకు హైదరాబాద్‌లో కూడా సంస్థ ఉంది. 1954లో ఏర్పడిన నిజాం ఛారిటబుల్ ట్రస్టు వంటి పాత ట్రస్టులు ప్రధానంగా చదువుకు, వైద్యానికి వ్యక్తులకే సాయం చేస్తాయి గనుక, ఏ ట్రస్టు సంస్థలకు ఇస్తుంది, ఏది వ్యక్తులకు ఇస్తుంది అన్నది ముందే విచారించుకోవడం మంచిది.

మూడవది ప్రవాసుల సొమ్ము. తానా, ఆటా, నాట్స్ వంటి తెలుగు సంఘాలతో పాటు, 1991లో అమెరికా విశ్వవిద్యాలయాల ఆవరణలలో భారతీయ విద్యార్థులు మొదలుపెట్టిన ఆశా, ఎయిడ్ అనే సంస్థలు కూడా ఇక్కడి పనులకు నిధులు సమకూరుస్తాయి. చిన్న సంస్థలు తెలియక చిక్కుల్లో పడేది ఎక్కువగా ఇక్కడే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం, విదేశీ మూలం నుంచి సొమ్ము తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ నమోదు గాని, ముందస్తు అనుమతి గాని తప్పనిసరి. నమోదు కోరే సంస్థ స్థాపించి మూడేళ్లయి ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే జమ కావాలి, అందులో 20 శాతానికి మించి పాలనా ఖర్చులకు వాడరాదు, దానిని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ విదేశీ నిధి తెప్పించి బస్తీలోని చిన్న సంస్థలకు పంచే పాత పద్ధతికి దీనితో తెరపడింది. ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపిన విరాళం విదేశీ విరాళం కిందికి రాదు గాని, అమెరికా పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డు మాత్రమే ఉన్న వ్యక్తి పంపినది వస్తుంది. కాబట్టి కొత్తపేటలోని చిన్న ట్రస్టుకు డాలస్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు చెరొక లక్ష పంపితే, ఒకరి సొమ్ము చట్టబద్ధమై, రెండవవారిది చట్ట ఉల్లంఘన కావచ్చు. పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రాసుకోవడం మర్యాదకు భంగమేమీ కాదు.

కాగితాలు, వాటి వెనుక నడవడి

ఏ వైపు నుంచి నిధి కోరినా చూపవలసిన కాగితాలు దాదాపు ఒకటే. సంస్థను సొసైటీగా, ట్రస్టుగా, లాభాపేక్ష లేని కంపెనీగా మూడు విధాలుగా నమోదు చేయవచ్చు. కనీసం ఏడుగురు సభ్యులతో ఏర్పడే సొసైటీకి 2001 నాటి సొసైటీల నమోదు చట్టం వర్తిస్తుంది. అంతకు ముందు తెలంగాణ ప్రాంతంలో 1350 ఫస్లీ నాటి చట్టం అమలులో ఉండేది కనుక, పాత సంఘాల ధ్రువపత్రాల మీద ఆ ఫస్లీ సంవత్సరమే కనిపిస్తుంది. కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద ఏర్పడే కంపెనీలను పర్యవేక్షించే రిజిస్ట్రారు కార్యాలయం నాగోల్ బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌లోనే, అంటే ఎల్బీ నగర్‌కు చేరువలోనే ఉంది.

నమోదు తర్వాత పాన్ కార్డు, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ సంఖ్య, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపులు కావాలి. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది 12ఏబి, దాతకు పన్ను రాయితీ కల్పించేది 80జి. ఇవి 1961 నాటి చట్టంలోని సెక్షన్లు, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది గనుక దరఖాస్తుల్లో సంఖ్యలు మారతాయి. ఈ గుర్తింపులు శాశ్వతం కావు: తొలి నమోదు మూడేళ్లకు తాత్కాలికంగా, ఆ తర్వాత ఐదేళ్లకు ఇస్తారు. దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఏటా 5 కోట్ల రూపాయల ఆదాయం దాటని సంస్థలకు 12ఏబి గడువును 2025 ఆర్థిక చట్టం పదేళ్లకు పెంచింది. సీఎస్ఆర్ నిధి కోరే సంస్థకు వీటితో పాటు సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం కూడా ఉండాలి.

కాగితాలున్నంత మాత్రాన నమ్మకం కుదరదు. తల్లిదండ్రుల పేరిట ట్రస్టు పెట్టి భార్యాభర్తలు, పిల్లలు మాత్రమే ట్రస్టీలుగా ఉండడం, ట్రస్టీ సొంత ఇంటికే ట్రస్టు అద్దె కట్టడం, అధ్యక్షుడి వ్యక్తిగత ఫోన్‌పేలో చందాలు జమ కావడం మన ఊళ్లలో చెడు ఉద్దేశంతో జరిగేవి కావు గాని, పరిశీలనకు వచ్చినవారికి అవే మొదటి అనుమానాలు. కుటుంబానికి సంబంధం లేని ఇద్దరు ముగ్గురిని కార్యవర్గంలోకి తీసుకోవడం, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు పంపడం, ప్రతి ఖర్చుకు వోచరు, ప్రతి విరాళానికి రసీదు ఉంచడం, 2000 రూపాయలకు మించిన నగదు విరాళానికి 80జి రాయితీ దక్కదని దాతకు ముందే చెప్పడం పెద్దగా ఖర్చు లేని జాగ్రత్తలు.

ప్రతిపాదనలో లెక్క

ప్రతిపాదన అంటే ఏ సమస్య, ఎవరికి, ఏ పని చేస్తే తీరుతుంది, ఎంతవుతుంది, తీరిందని ఎలా తెలుస్తుంది అన్న ఐదు ప్రశ్నలకు జవాబు. ఉదాహరణకు మూసీ ఒడ్డు బస్తీలో 40 మంది పిల్లలకు పది నెలల సాయంత్రం బడి నడపాలనుకున్న ఊహాత్మక సంస్థ లెక్క చూడవచ్చు. ఇద్దరు ఉపాధ్యాయులకు నెలకు 8,000 చొప్పున 1,60,000, గది అద్దె నెలకు 6,000 చొప్పున 60,000, పుస్తకాలు, పలకలు పిల్లకు 1,000 చొప్పున 40,000, అల్పాహారం పిల్లకు రోజుకు 12 రూపాయల చొప్పున 200 రోజులకు 96,000, ఆడిట్, లెక్కల నిర్వహణ 20,000, వెరసి 3,76,000 రూపాయలు, అంటే పిల్లకు 9,400. బస్తీ సంఘం తన కమ్యూనిటీ హాలును ఉచితంగా ఇస్తే అద్దె పద్దు స్థానిక వాటాగా మారి, కోరవలసిన గ్రాంటు 3,16,000కు తగ్గుతుంది. ఐదు లక్షలు అని గుండుగుత్తగా అడిగిన సంస్థ కంటే ఈ లెక్క చూపిన సంస్థకు మర్యాద ఎక్కువ దక్కుతుంది. పైగా స్థానిక వాటాను చూసిన దాతకు, బస్తీవాసులు ఆ బడిని తమదిగా భావిస్తున్నారన్న భరోసా కూడా కలుగుతుంది. అయితే చిన్న సంస్థలు మొహమాటంతో వదిలేసే ఆడిట్ ఖర్చు, లెక్కలు రాసే మనిషి జీతం కూడా ఆ బడి ఖర్చులే కనుక వాటిని దాచకుండా చూపాలి.

ఫలితం రాసేటప్పుడు పిల్లల భవిష్యత్తుకు బంగారు బాట వేస్తామన్న మాటకు విలువ తక్కువ. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్ సర్వేలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ అనే మెట్లతో పిల్లల చదివే శక్తిని కొలుస్తారు. అదే పద్ధతిలో జూన్‌లో 40 మందిని పరీక్షించి, ఎంతమంది ఏ మెట్టుపై ఉన్నారో రాసి, డిసెంబరులో, మార్చిలో మళ్లీ పరీక్షిస్తామని చెబితే, దాతకు చూడవలసినదేమిటో తెలుస్తుంది, ఉపాధ్యాయులకు ఎక్కడ శ్రద్ధ పెట్టాలో తెలుస్తుంది. మలక్‌పేటలోని వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయానికి వచ్చే దివ్యాంగులకు దరఖాస్తులు నింపిపెట్టే సంస్థ అయితే ఎందరికి పింఛను, ఎందరికి ఉపకరణం అందిందో లెక్కించాలి తప్ప ఎన్ని దరఖాస్తులు నింపామన్నది మాత్రమే కాదు.

సొమ్ము వచ్చాక

మంజూరు లేఖతో పాటు వచ్చే ఒప్పందంలో విడతలు, నివేదికల గడువులు, మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చే నిబంధన ఉంటాయి. ఒక పద్దులోని సొమ్మును మరో పద్దుకు వాడవలసి వస్తే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. గడువు ముగిశాక ఇచ్చే వినియోగ ధ్రువపత్రంలో, అంటే సొమ్ము అనుకున్న పనికే ఖర్చయిందని చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో ఇచ్చే పత్రంలో, అంకెలు సంస్థ ఆడిట్ నివేదికతో సరిపోవాలి. అనుకున్న 40 మందిలో 29 మందే నిలిచి, తక్కినవారు కుటుంబాలతో వేరేచోటికి తరలిపోతే, ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసిన సంస్థకే రెండో ఏడాది గ్రాంటు దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే దాతకు అప్పటికి ఆ బస్తీ పరిస్థితి గురించి నమ్మదగిన సమాచారం అందించేది ఆ సంస్థ ఒక్కటే.

తిరస్కరణ వచ్చినప్పుడు కారణం అడిగి తెలుసుకోవడం, ఒకే దాతపై పూర్తిగా ఆధారపడకుండా స్థానిక చందాలను కొనసాగించడం కూడా ఈ క్రమంలో భాగాలే. మలక్‌పేట వర్తకులు, దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థలు, ఎల్బీ నగర్ కాలనీ సంక్షేమ సంఘాలు, ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్లిన కుటుంబాలు కలిస్తే ఈ ప్రాంతానికి సొంత ఉమ్మడి నిధి ఏర్పడడం అసాధ్యం కాదు. అటువంటి నిధిని నమ్మి సొమ్ము పెట్టేవారు మొదట అడిగేది, దాన్ని ఖర్చు చేయడానికి లెక్క తెలిసిన సంస్థలు ఇక్కడ ఉన్నాయా అని. కనుక గ్రాంటు ప్రకటన వెలువడే దాకా ఆగకుండా, ఈ ఆర్థిక సంవత్సరపు జమాఖర్చులను ఇప్పుడే ఆడిట్ చేయించుకోవడం ప్రతి చిన్న సంస్థకూ తగిన మొదటి పని.