వలస – సమ్మిళిత జీవనం – పరిశోధన

బతుకుతెరువు కోసమో, చదువు కోసమో, వివాహం వల్లనో ఉన్న ఊరు విడిచి మరొక చోటికి తరలిపోవడమే వలస. వచ్చినవారు, అక్కడివారు పరస్పర గౌరవంతో ఒకే సమాజంగా మెలగడం సమ్మిళిత జీవనం. మొదటిది ఒక్క ప్రయాణంతో ముగుస్తుంది. రెండవదానికి ఒక్కొక్కప్పుడు తరాలు పడుతుంది. ఈ అంతరాన్ని పరిశీలించేదే వలస అధ్యయనం.

1885లో రావెన్‌స్టీన్ అనే పండితుడు లండన్‌లో జనాభా లెక్కల ఆధారంగా వలస సూత్రాలను ప్రకటించాడు. వలస పోయేవారిలో అధికులు దగ్గరి ప్రాంతాలకే పోతారన్నది వానిలో ఒకటి. 1918–20 మధ్య థామస్, జ్నానియెట్‌స్కీ అనే విద్వాంసులు అమెరికాకు వలసపోయిన పోలెండు రైతుల కుటుంబ లేఖలను ఆధారంగా గ్రహించి బృహద్గ్రంథం వెలువరించారు. అంకెలతో పాటు మనుష్యుల మాట కూడా సాక్ష్యమేనని దీనివల్ల తేటతెల్లమైంది. మన దేశంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1996లో ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం ఏర్పడింది.

ఈ రంగంలో పిహెచ్.డి. చేయడమంటే ఒక లావుపాటి గ్రంథం రాయడం మాత్రమే కాదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ఈ విద్యకు కనీస కాలం మూడేళ్ళు. పరిశోధన పద్ధతులను, పరిశోధన నైతికతను అభ్యసించిన పిదప విద్యార్థి పూర్వ రచనలను పరిశీలిస్తాడు. ప్రశ్నను నిర్ణయించుకొని క్షేత్ర పర్యటన చేస్తాడు. సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించి, మౌఖిక పరీక్షలో దానిని సమర్థించుకొంటాడు.

ఈ శిక్షణ ప్రయోజనం ఏమిటో మన ప్రాంతంలోనే చూడవచ్చు. చిలకలూరిపేట పరిసరాలు పత్తికి, మిరపకు పేరుగన్నవి. మిరప కోతల కాలంలో కర్నూలు జిల్లా పడమటి మండలాల నుండి కూలీలు కుటుంబాలతో గుంటూరు, పల్నాడు సీమలకు వస్తారు. చేల పక్కన పట్టాలతో గుడిసెలు వేసుకొంటారు. కోతలు ముగియగానే వెళ్ళిపోతారు. వీరిని వలసదారులుగా లెక్కించాలా, వద్దా?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వలసదారులు సుమారు 45 కోట్లు. వారిలో వివాహం వల్ల ఊరు మారిన స్త్రీలే ఎక్కువ. నెలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు దాటకుండా పనికోసం పోయేవారిని 2007–08 నాటి జాతీయ నమూనా సర్వే ప్రత్యేకంగా లెక్కించింది. నిర్వచనం మారితే కనిపించే మనుష్యులూ మారతారు. లెక్కకు అందని కుటుంబానికి బడి, రేషను, వైద్యం అందడం కష్టం. పేరు సొంతవూరి హాజరు పట్టికలో ఉండి, తాను పొరుగు జిల్లా చేలో ఉన్న బాలుని చదువుకు బాధ్యులెవరు? ఇటువంటి ప్రశ్నను సరిగా అడగడం నేర్పేదే పరిశోధక విద్య.

అడిగే తీరులోనూ వివేకం అవసరం. మేస్త్రీ ఎదుట కూలి ఎంతని అడిగితే నిజం బయటికి రాదు. సమాధానం చెప్పేవారి అనుమతి పొందాలి, వారి పేర్లు గోప్యంగా ఉంచాలి. భూస్వామి మాట, కూలీ మాట, బడిపంతులు మాట పోల్చి చూడాలి.

కూలీలను రప్పించుకొనే మన సీమే మనుష్యులను పంపింది కూడా. తుంగభద్ర జలాలు పారిన కర్ణాటక భూములకు కోస్తా రైతులు తరలిపోయి, నేటికీ 'క్యాంపులు'గా పిలువబడే పల్లెలను నిర్మించుకొన్నారు. అంతకు పూర్వమే, పందొమ్మిదవ శతాబ్దంలో, తెలుగువారు కూలీలుగా మారిషస్ చేరారు. వారి సంతతి అక్కడి క్రియోల్ భాష మాట్లాడుతూనే ఉగాది జరుపుకొంటున్నది. ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. కలిసిపోవడమంటే తనను తాను చెరుపుకోవడం కాదనడానికి ఇది నిదర్శనం.

పరాయిదేశంలో మనవారికి దక్కిన ఆ మన్ననలో కొంతైనా మన చేలకు వచ్చినవారికి దక్కుతున్నదా? దీనికి ఊహతో గాక ఆధారాలతో సమాధానం చెప్పగలవాడే నిజమైన పరిశోధకుడు.