మచ్చలు ఎన్ని? 18 నుంచి 2 దాకా

కోరుట్లలో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చలున్నాయా అని అడుగుతుంది. ఉంటే ఎన్ని? కుష్ఠు చికిత్సకు ఆ లెక్కే ఆధారం. 5 వరకైతే 6 నెలల మందు, 6 గానీ ఆపైన గానీ ఉంటే 12 నెలలు. ఒకటికి మించి నరాలు దెబ్బతిన్నా, పరీక్షలో క్రిములు కనిపించినా 12 నెలలే. ఇంత తేలికైన లెక్కకు రావడానికి వైద్యులకు శతాబ్దాలు పట్టింది.

ఆయుర్వేదం కుష్ఠాలు 18 అంది: 7 మహాకుష్ఠాలు, 11 క్షుద్రకుష్ఠాలు. చర్మరోగాలు చాలావరకు అందులోనే. ఈ మొత్తంలో సుశ్రుతుడికీ చరకుడికీ తేడా లేదు, పంపకంలోనే ఉంది. తామరను సుశ్రుతుడు మహాకుష్ఠమంటే, చరకుడు క్షుద్రమన్నాడు.

ఐరోపాలో 1776లో ప్లెంక్ అనే వైద్యుడు 115 చర్మవ్యాధులను 14 తరగతులు చేశాడు. లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ వాటిని 8కి తెచ్చాడు. పొక్కా, పొలుసా, చీముగుల్లా, మచ్చా? కంటికి ఏది కనబడితే అదే తరగతి. 1808లో అచ్చయిన ఈ పద్ధతి నేటికీ చర్మ వైద్యుల మాటల్లో బతికే ఉంది. కానీ కన్నొక్కటే చాలదు. విల్లన్ 'లెప్రా' అని పొలుసుల వరుసలో పెట్టింది నిజానికి సోరియాసిస్! అసలు కుష్ఠు క్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లో గానీ చూడలేదు.

మన దగ్గరి కథ డిచ్‌పల్లిది. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా వెళ్లొచ్చు. దాత నర్సాగౌడ్ సాయంతో డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ అక్కడ 1915లో కుష్ఠు ఆస్పత్రి నెలకొల్పారు. అప్పటి మందు చాల్‌ముగ్రా జాతి గింజల నూనె సూది.

1966లో రిడ్లీ, జోప్లింగ్ అనే వైద్యులు కుష్ఠును 5 రకాలు చేశారు. పరిశోధనకు అది మేలే, కానీ మైక్రోస్కోప్ లేని ఊళ్లో ఏం పనికొస్తుంది? 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చికిత్స కోసం 2 వర్గాలే చాలంది. మైక్రోస్కోప్ అక్కర్లేకుండా మచ్చలు లెక్కపెట్టే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో తెలివైన పని ఇదే.

పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. కళ్లు మూసుకుని, పక్కవాళ్లను పెన్ను మొనతో మచ్చను మెల్లగా తాకమనండి. ఎక్కడ తాకారో వేలితో చూపలేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఉచితం.