మంచుకొండకు ఐదు రోజుల ప్రయాణం: నిదానమే ప్రధానం

డిసెంబరు నెల వచ్చిందంటే ఉస్మాన్‌గంజ్‌లోని మా పచారీ దుకాణానికి వచ్చేవారు శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, అతిమధురం అడుగుతారు. మా తాతగారి కాలం నుంచీ ఉన్నదే ఇది. కొన్ని సంవత్సరాలుగా వీరికి మరొక రకంవారు తోడయ్యారు. "సెలవులకు పిల్లలతో మంచు చూడడానికి పోతున్నాం. నాలుగు రోజులే సమయం. చలికి పనికివచ్చేవి ఏమైనా కట్టి ఇవ్వండి" అంటారు వారు. ఒకరు గుల్‌మర్గ్ అంటారు, మరొకరు మనాలి అంటారు. కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకొని మంచు మీద జారే స్కీయింగ్ అనే క్రీడను ఒక్కసారైనా ఆడి రావాలని వారి కోరిక.

పొట్లం కట్టేముందు నేను వారిని ఒక ప్రశ్న అడుగుతాను: "మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటారు?" చాలామంది ఆశ్చర్యపోతారు. శొంఠికీ పడకకూ సంబంధం ఏమిటని వారి సందేహం. ఆ సంబంధం నాకు తెలియడానికి మా తమ్ముడి ప్రాణం మీదికి రావలసివచ్చింది. ఆ అనుభవం పదిమందికీ ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం మాట. సంక్రాంతికి నువ్వులు, బెల్లం అమ్మకం జోరందుకునేలోగా తిరిగి రావాలని డిసెంబరు చివరివారంలో నాలుగు రోజుల గుల్‌మర్గ్ ప్రయాణం పెట్టుకున్నాం. నేను, నా భార్య, తమ్ముడు, మరదలు బయలుదేరాం. ప్రయాణం ఏర్పాటు చేసినవారు ఇచ్చిన పట్టికలో ఒక్క గంట కూడా ఖాళీ లేదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ ఫలం దక్కుతోందని వ్యాపారినైన నేను సంతోషించాను.

తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, మధ్యాహ్నానికి శ్రీనగర్ చేరాం. అక్కడ ఆగకుండా చీకటి పడేవేళకు గుల్‌మర్గ్ వెళ్ళాం. మరునాటి ఉదయమే గొండోలా అనే తీగబండిలో రెండవ దశ వరకు, అఫర్వత్ కొండ మీదికి ఎక్కాం. మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉంది. గుల్‌మర్గ్ ఎత్తు సుమారు 8,700 అడుగులు. తీగబండి రెండవ దశ చివర దాదాపు 13,000 అడుగులు. ముప్పై గంటల వ్యవధిలో మేము 11,000 అడుగులు పైకి పోయామన్నమాట.

కొండపైన తమ్ముడికి తలనొప్పి మొదలైంది. వికారం పుట్టి రెండుసార్లు వాంతి అయింది. ముందురోజు దారిలో తిన్న నూనె పరోటాల వల్ల కలిగిన అజీర్ణమని నేను తేల్చేశాను. పచారీ వ్యాపారి నోటికి వైద్యం తొందరగా వస్తుంది. గుల్‌మర్గ్‌కు దిగిన తరువాత శొంఠి, వాము వేసి నీళ్ళు కాచి తాగించాను. తగ్గలేదు. రాత్రికి లేచి నడవబోయి తూలి పడ్డాడు. అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పాడు. హోటలు పనివాడు చూసి, "సాబ్, ఇది కడుపు రోగం కాదు, కొండ రోగం" అని పరుగున వెళ్ళి స్థానిక వైద్యుణ్ణి తీసుకొచ్చాడు. ఆయన ప్రాణవాయువు పెట్టించి, "తెల్లవారేదాకా ఆగవద్దు, ఇప్పుడే కిందికి దింపండి" అన్నారు. చక్రాలకు గొలుసులు కట్టిన బండిలో ఆ మంచురాత్రి టంగ్‌మర్గ్ మీదుగా శ్రీనగర్ ఆసుపత్రికి చేరాం. దారిపొడవునా మరదలు నాతో ఒక్కమాట మాట్లాడలేదు. మరునాడు మధ్యాహ్నానికి తమ్ముడు లేచి కూర్చొని టీ అడిగిన తరువాతే నాకు ఊపిరి ఆడింది.

వైద్యశాస్త్రంలో రోగాన్ని, దాని కారణాన్ని నిర్ణయించడానికి నిదానమని పేరు. వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. ఆ ప్రయాణంలో నాకు రెండు నిదానాలూ తప్పాయి.

శాస్త్రం ఏమంటుంది?

తిరిగి వచ్చాక వాగ్భటాచార్యుల అష్టాంగహృదయం తీసి ఋతుచర్య అధ్యాయం మళ్ళీ చదివాను. ఒక ఋతువులోని చివరి ఏడు రోజులను, తరువాతి ఋతువులోని మొదటి ఏడు రోజులను కలిపి ఋతుసంధి అంటారు. ఆ కాలంలో పాత ఋతువు అలవాట్లను క్రమంగా విడిచి, కొత్త ఋతువుకు తగినవాటిని క్రమంగా అలవరచుకోవాలి. ఒక్కసారిగా మార్చితే శరీరానికి పడక రోగాలు పుడతాయి. మాఘమాసపు చలికే ఇంత జాగ్రత్త చెప్పిన శాస్త్రం, ఒక్కపూటలో మూసీ తీరం నుంచి మంచుకొండకు ఎగిరే మనిషికి ఏమి చెబుతుంది? విమానం దూరాన్ని తగ్గించగలదు గాని శరీరానికి కావలసిన సంధికాలాన్ని తగ్గించలేదు.

ఆధునిక వైద్యం చెప్పేదీ ఇదే. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పీడనం తగ్గి, ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు తగ్గుతుంది. 13,000 అడుగుల వద్ద అది సముద్రమట్టంలో అందేదానిలో సుమారు 60 శాతమే. సాధారణంగా 8,000 అడుగులు దాటిన తరువాత తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం కొందరిలో కనబడతాయి. బలవంతుడా, బలహీనుడా అనే తేడా దీనికి లేదు. మా నలుగురిలో రోజూ వ్యాయామం చేసేవాడు మా తమ్ముడే!

ఎప్పుడు వెళ్ళాలి?

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ప్రతి ఏటా జనవరి 1 నుంచి జరిగే నుమాయిష్ మనకందరికీ తెలిసినదే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభమై, 1946లో ఈ మైదానానికి మారింది. అక్కడికి శాలువలు, ఉన్ని దుస్తులు తెచ్చే కాశ్మీరీ వర్తకులలో ఒక పెద్దాయనతో మా గోడు చెప్పుకున్నాను. ఆయన ఆ దేశపు చలికాలాన్ని నాకు వివరించాడు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, అంటే పెద్ద చలి. తరువాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన పది రోజులు చిల్లై బచ్చా. "సేఠ్, మీరంతా కొత్త సంవత్సరానికి పరుగెత్తుకొస్తారు. మంచు మీ సెలవులు చూసి పడదు" అన్నాడు.

ఆయన మాటలో సత్యముంది. 2024 జనవరి మొదటి పక్షంలో గుల్‌మర్గ్‌లో మంచులేక మైదానాలు ఎండిన గడ్డితో కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. డిసెంబరు చివరివారంలో జనసమ్మర్దం ఎక్కువ, గదులు ప్రియం, మంచు మాత్రం అనుమానం. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచు దొరికే అవకాశం మెరుగు. సెలవుల ఒత్తిడిలోనే వెళ్ళక తప్పనివారు గదులు, తీగబండి టిక్కెట్లు బయలుదేరకముందే తీసుకోవాలి. తేదీ మార్చుకొనే వీలున్న టిక్కెట్టుకు కొంత అధికంగా ఇచ్చినా నష్టం లేదు.

ఔలీ కూడా స్కీయింగ్‌కు ప్రసిద్ధమే గాని, హరిద్వారం నుంచి కొండదారిన ఒక పగలంతా పడుతుంది. తక్కువ రోజులున్నవారికి అది అనుకూలం కాదు. మనాలి సుమారు 6,700 అడుగుల ఎత్తునే ఉంది. అక్కడ రాత్రులు గడిపి, పగలు సోలంగ్ లోయకు పోయి రావచ్చు. కనుక పెద్దలు, పిల్లలు ఉన్న కుటుంబాలకు అది కొంత సులువు. అయితే చండీగఢ్ నుంచి దారి దూరం సుమారు 300 కిలోమీటర్లు. సెలవులలో ఆ దారిలో బండ్లు గంటల తరబడి నిలిచిపోతాయి.

మా రెండవ ప్రయాణం

రెండేళ్ళ తరువాత మా అమ్మాయి స్కీయింగ్ నేర్చుకుంటానని పట్టుపట్టింది. సంక్రాంతి బేరాలు ముగిసి, రిపబ్లిక్ దినోత్సవం సెలవు కలిసివచ్చేటట్లు ఐదు రోజులు తీసుకున్నాం. తమ్ముడు, మరదలు కూడా వచ్చారు. ఈసారి పట్టిక నేనే వ్రాశాను.

మొదటి రోజు: శ్రీనగర్‌లోనే బస. ఎత్తు సుమారు 5,200 అడుగులు. స్నానానికి వేడినీళ్ళు, తేలిక భోజనం, తొందరగా నిద్ర.

రెండవ రోజు: మధ్యాహ్నానికి గుల్‌మర్గ్. ఆ రోజు మెల్లగా నడవడం తప్ప మరే శ్రమా లేదు.

మూడవ రోజు: తలనొప్పి లేనివారు మాత్రమే నేర్చుకొనేవారి పల్లపు వాలు మీద శిక్షకుని వద్ద స్కీయింగ్. పైకి ఎక్కడం లేదు.

నాలుగవ రోజు: ఉదయం మళ్ళీ సాధన. తీగబండిలో మొదటి దశ వరకే. సాయంత్రానికి శ్రీనగర్. మంచు కురిస్తే టంగ్‌మర్గ్ దారి మూసుకుపోవచ్చు కనుక విమానానికి ముందురాత్రి కొండ మీద ఉండరాదు.

ఐదవ రోజు: తిరుగు ప్రయాణం.

రెండవ దశకు ఎందుకు పోలేదని అమ్మాయి అలిగింది. అఫర్వత్ వాలులు ఆరితేరినవారివి. 2023, 2024 ఫిబ్రవరి నెలలలో అక్కడ మంచుచరియలు విరిగిపడి విదేశీ క్రీడాకారులు మరణించారు. కొత్తగా నేర్చుకొనేవారికి కింది వాలే చాలు. నేను పదకొండుసార్లు పడ్డాను. అమ్మాయి నాలుగుసార్లు పడి, అయిదవసారి చివరివరకు జారింది. కింద నిలబడి చప్పట్లు కొట్టినవాడు మా తమ్ముడు.

మూడు వారాల ముందు నుంచి

స్కీయింగ్‌లో శ్రమ అంతా తొడలు, మోకాళ్ళు, నడుము మీద పడుతుంది. దీనికి మన గుంజీళ్ళను మించిన సాధన లేదు. రోజుకు పదితో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు వైద్యుణ్ణి అడిగి చేయాలి. ఉదయం పబ్లిక్ గార్డెన్స్‌లో అరగంట వేగపు నడక మాకు మేలు చేసింది. వ్యాయామం సగం బలం మేరకే చేయాలని శాస్త్రవచనం. నుదుట చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసివచ్చినప్పుడు ఆగిపోవాలి. మంచు మీద కూడా ఇదే కొలత పాటించండి.

వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకుంటే చర్మం పొడిబారదు, కండరాలు మెత్తబడతాయి.

వెంట తీసుకువెళ్ళవలసినవి

శొంఠి: పావు చెంచా పొడిని గ్లాసుడు నీళ్ళలో వేసి, సగం మిగిలేవరకు కాచి, కొంచెం బెల్లం కలిపి వెచ్చగా తాగితే చలికి హాయిగా ఉంటుంది. ఆమ్లపిత్తం ఉన్నవారు తగ్గించాలి.

నువ్వుండలు, ఖర్జూరం: చలిలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, దానికి తగిన స్నిగ్ధాహారం ఇవ్వాలని శాస్త్రం. మన సంక్రాంతి పిండివంటలు అందుకు తగినవే.

నెయ్యి: పెదవులకు, ముక్కుపుటాల అంచులకు వ్రాస్తే పగుళ్ళు రావు.

వెచ్చని నీరు: చలిలో దాహం తెలియదు. మూత్రానికి లేవవలసివస్తుందని నీరు మానడం, వచ్చిన వేగాన్ని ఆపుకోవడం రెండూ హానికరం. మద్యం ఒళ్ళు వెచ్చబెడుతుందనేది భ్రమ. అది శరీరపు వేడిని పోగొడుతుంది.

నల్లకళ్ళద్దాలు: మంచు మీద పడిన ఎండ తిరిగి కళ్ళకు కొడుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దాలు తప్పనిసరి.

వ్రేళ్ళు తెల్లబడి స్పర్శ పోతే రుద్దరాదు, నిప్పు సెగ చూపరాదు. తడి మేజోళ్ళు, చేతితొడుగులు తీసివేసి, ఒంటివేడితో వెచ్చబరచి, వెంటనే వైద్యునికి చూపాలి.

ఇంటివైద్యం ఆగవలసినచోటు

కొండ మీద తలనొప్పి, వికారం కనిపిస్తే ఇంకా పైకి ఎక్కరాదు. విశ్రాంతితో తగ్గకపోతే కిందికి దిగాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఎడతెగని దగ్గు, నడకలో తూలు, మాటలో తికమక కనిపిస్తే అది ప్రాణాపాయం. ప్రాణవాయువు పెట్టించి తక్షణం దింపి, ఆసుపత్రికి చేర్చాలి. శొంఠి కషాయం జలుబుకు ఉపకరిస్తుంది గాని ప్రాణవాయువు లోటును తీర్చదు. హృద్రోగులు, ఉబ్బసం ఉన్నవారు, రక్తహీనత కలవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేకుండా ఈ ప్రయాణం తలపెట్టరాదు.

ఇప్పుడు మా దుకాణంలో శొంఠి పొట్లం మీద పెన్సిలుతో ఒక మాట వ్రాసి ఇస్తున్నాను: "మొదటి రాత్రి కిందనే." కొందరు నవ్వుకుంటారు. తిరిగి వచ్చినవారు మాత్రం తమ ఫొటోలు చూపించడానికి దుకాణం దాకా వస్తారు. సెలవు చిన్నదైనప్పుడు చూడవలసిన చోట్లు తగ్గించుకోండి గాని, శరీరానికి ఇవ్వవలసిన గడువు తగ్గించకండి. వెళ్ళిన నలుగురూ నడిచి ఇంటికి రావడమే ఏ విహారానికైనా మొదటి ఫలం.